గద్వాల గ్రీష్మ విజయం

ప్రబంధమన్నాక పద్దెనిమిది వర్ణనలు ఉండి తీరాలని మన ఆలంకారికులు శాసించారు. పురం, పర్వతం, సముద్రం, ఋతువు, సూర్యోదయం, చంద్రోదయం, జలక్రీడ, మధుపానం, విరహం, పెండ్లి, రాయబారం, దండయాత్ర, యుద్ధం, ఇట్లా సాగుతుంది ఆ పట్టీ. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న మా నడిగడ్డలో ఈ సరుకుకు ఏనాడూ కరువు రాలేదు. విద్వద్గద్వాల అని పేరుమోసిన సంస్థానం మాది. చుట్టూ వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపూర్. ఏటేటా కవులు బండ్లు కట్టుకొని వచ్చి, కోటకోటకూ వార్షికం పుచ్చుకొని, సంస్థానాధీశుల కీర్తిని ఏడు సముద్రాలు దాటించి పోయేవారు. మా పాలమూరు సీమకు సముద్రం ఎంత దూరమో పాడిన కవికీ తెలుసు, విన్న రాజుకూ తెలుసు. ఇద్దరూ పెద్దమనుషులు గనుక ఆ మాట ఎత్తలేదు.

అంతటి కవులూ ఒక్క వస్తువును చేజార్చుకున్నారు. అది మే నెలలో ఇద్దరు పసిపిల్లలున్న ఇల్లు. పద్దెనిమిది వర్ణనలూ ఒకే కప్పు కింద, ఒకే పూటలో దొరికే చోటు మరొకటి లేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ పూనిక. వార్షికాలిచ్చే రాజులు ఇప్పుడు లేరు కాబట్టి మా ఇంటి ఎయిర్ కూలర్‌నే కృతిభర్తగా ఎంచుకున్నాను.

మెట్ల కింద ఎనిమిది నెలలు అజ్ఞాతవాసము సల్పి, శివరాత్రి దాటగానే సాలెగూళ్లతో సహా ప్రత్యక్షమగువానికి, మూడు గడ్డిగోడల నడుమ కొలువుదీరి బకెట్లకు బకెట్లు తాగియు దాహము తీరనివానికి, ఆలుమగల మాటలు ఒకరివి ఒకరికి వినబడనీయక కాపురమును నిలబెట్టువానికి, ఈ కృతి అంకితము. ఇక కథాక్రమం ఎట్టిదనిన:

మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలై, ఏప్రిల్ 24 నుంచి బడులకు తాళాలు పడ్డాయి. జూన్ 11 దాకా సెలవులు. ఆఖరి రోజున నాయిక ఇంటికి వచ్చి, బ్యాగును గుమ్మంలోనే విసిరి, బూట్లను ఒకటి తూర్పుకూ ఒకటి పడమరకూ పంపి, సంవత్సరపు విద్యాభ్యాసానికి మంగళం పాడింది. నాయికకు ఆరేండ్లు. ఆమెను మేము పెద్దది అంటాము. నాయకుడు చిన్నోడు. నాలుగు నిండి అయిదుకు దగ్గర పడుతున్నవాడు. వీరిద్దరి పొత్తు గద్వాల చీరలో ఒంటికీ అంచుకూ ఉన్న పొత్తు వంటిది. ఒకటి నూలు, ఒకటి పట్టు. మగ్గం మీదనే పోగుకు పోగు మెలిపెట్టి కలిపేస్తారు, ఇక విడదీయడం ఎవరి వల్లా కాదు. చూసేవాళ్లకు అందం. ఆ అతుకు దగ్గర పోగులు ఎంతగా గుంజుకుంటున్నాయో నేసేవాడికే తెలుస్తుంది.

పురవర్ణన క్లుప్తంగా ముగిస్తాను. సోమనాద్రి కట్టించిన కోటలో ఇప్పుడు డిగ్రీ కాలేజీ నడుస్తోంది. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ నడుస్తోంది. మా జిల్లాల్లో రాజులు పోయాక కోటలకు పరీక్షలు పట్టుకున్నాయి. సూర్యోదయ వర్ణన అంతకంటే క్లుప్తం. అయిదున్నరకు చిన్నోడు లేస్తాడు. ఆ చప్పుడుకు సూర్యుడు లేస్తాడు.

జలక్రీడకు వద్దాం. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. ఇంతటి మహానదుల నడుమ వెలసిన మా క్రీడాసరస్సు ఒక నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు. కావ్యాల్లో రాణులు దిగితే కుంకుమ కరిగి నది ఎర్రబారుతుంది. ఇక్కడ వీళ్ల మోకాళ్ల మట్టికే సరస్సు అంతకంటే బాగా ఎర్రబారింది. రాణులు నీళ్లు చల్లుకున్నారని మాత్రమే రాసిన కవులు, ఆ నీళ్లు పక్కింటివాళ్లు ఆరబెట్టిన వడియాల మీద పడ్డ సంగతి రాయలేదు. పడే ఉంటాయి. పక్కింటి అత్త గోడ మీదుగా చూసి "ఏం పిల్లలమ్మా మీ పిల్లలు" అన్నది. ఇది ఏ రసమో లాక్షణికులు తేల్చాలి.

ఇప్పుడు ఈ కావ్యానికి ఆయువుపట్టు వంటి ఘట్టం. తిరుపతి వేంకట కవులు గద్వాలలో, వనపర్తిలో, ఆత్మకూరులో అవధానాలు చేసి సన్మానాలందుకున్నారని చిన్నప్పుడు బడిలో చెప్పారు. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి ప్రశ్నలు గుప్పిస్తుంటే ఒక్కొక్కరికి జవాబిస్తూ, గంటలు లెక్కపెడుతూ, చివర అన్నీ వరుసగా ఒప్పజెప్పడం మానవమాత్రుల వల్ల అవుతుందా అని అప్పుడు నోరు తెరిచాను. పెండ్లయి, పిల్లలు పుట్టి, వాళ్లకు సెలవులు వచ్చాక ఆ నోరు మూతపడింది. మా ఇంటి వంటగదిలో ఆ అవధానం పొద్దున పది నుంచి పన్నెండు దాకా రోజూ జరుగుతుంది. అవధాని నా భార్య. పృచ్ఛకులు ఇద్దరే, కాని ఒక్కొక్కరు నలుగురి పెట్టు.

మొదటిది నిషిద్ధాక్షరి. ఈ ఇంట్లో "ఐస్", "ఫోన్", "జాతర" అనే మాటలు పైకి అనరాదు. ఒక్కటి నోరు జారినా ఇక ఆ పూట గడవదు. అందుచేత నా భార్య నాతో చెప్పదలచిన చిన్న సంగతి ఈ రూపం ధరిస్తుంది: "హిమవంతుడి ఇంట్లో పై అంతస్తులో నిన్నటి తెల్లనిది కొంచెం మిగిలింది, వాళ్లు పడుకున్నాక చూద్దాం." నాకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. పెద్దదానికి పట్టలేదు. "అమ్మా, వెనిల్లానా, మామిడా?" అన్నది.

రెండోది సమస్యాపూరణం. చిన్నోడు ఇచ్చిన సమస్య: "సూర్యుడు కూడా ఇంటికి పోయి కూలర్ వేసుకుంటాడా?" పప్పులో పోపు వేస్తున్న అవధాని గరిటె ఆపకుండానే పూరించింది: "వేసుకుంటాడు. అందుకే రాత్రి బయటికి రాడు." సభ్యులు చప్పట్లు కొట్టారు. వెంటనే రెండో సమస్య వచ్చి పడింది: "మరి వాళ్లింట్లో కరెంటు బిల్లు ఎవరు కడతారు?"

దత్తపది అన్నం తినిపించేటప్పుడు. ఇచ్చిన పదాలు పులి, చెప్పు, అమ్మమ్మ, లారీ. ఈ నాలుగూ వచ్చేట్టు కథ చెప్తేనే నోరు తెరుస్తారు. ఒక్కొక్క పదానికి ఒక్కొక్క ముద్ద. పులి నల్లమల అడవిలో నుంచి చెప్పులేసుకొని వచ్చి లారీ ఎక్కి అమ్మమ్మ ఇంటికి పోయింది, మొత్తం పెరుగన్నం అయిపోయింది. కథలో తర్కం వెదికేవాళ్లు ఆకలితో మాడాల్సిందే.

ఘంటాగణనానికి మా ఇంట్లో కుక్కర్ ఉంది. ఈ రభస నడుమ విజిల్ మూడోదా నాలుగోదా అని అడిగితే నేను గోడ వైపు చూస్తాను. ఆమె వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి స్టవ్ కట్టేస్తుంది. పప్పు ఒక్కనాడూ మాడలేదు. ఇక అప్రస్తుత ప్రసంగం. అవధాని ఏకాగ్రతను చెడగొట్టడానికి పనికిరాని మాటలు అడిగే ఆ పృచ్ఛకుడి స్థానంలో అనాదిగా నేనే కూర్చున్నాను. "నా బనీను ఎక్కడుంది?"

చివరిది ధారణ. అది రాత్రి తొమ్మిదింటికి, నాగర్‌కర్నూల్‌లో ఉన్న తన తల్లికి ఫోన్ చేసినప్పుడు జరుగుతుంది. పొద్దటి నుంచి ఎవరు ఏం పారబోశారో, ఎవరు ఎవరిని గిచ్చారో, నేను ఏయే పని చేస్తానని చేయలేదో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా వరుసగా అప్పజెప్తుంది. ఈ విద్యకు సన్మానం ఉండదు, శాలువా కప్పరు. కప్పినా ఈ ఎండలో ఎవరికి కావాలి.

ఇక యుద్ధం. మధ్యాహ్నం ఒంటిగంట. బయట నలభై రెండో, నలభై మూడో. వీధిలో కుక్క కూడా లేదు. పెద్దగదిలో చాప పరిచి, కిటికీకి తడి దుప్పటి కట్టి, కృతిభర్తను ప్రతిష్ఠించి స్విచ్ వేశాము. ఆయన ఒకసారి దగ్గి, గొంతు సవరించుకొని, గడ్డివాసనతో కూడిన మలయమారుతాన్ని వదిలాడు. అంతే. ఆ గాలి ఎవరిదన్న ప్రశ్న పుట్టింది.

1520లో శ్రీకృష్ణదేవరాయలు, ఇస్మాయిల్ ఆదిల్‌షా తలపడింది మాకు పొరుగున ఉన్న రాయచూరు దగ్గర, ఈ రెండు నదుల నడుమనున్న నేల కోసమే. ఆ వారసత్వం ఈ మట్టిలో ఉన్నదేమో గాని మా చాప మీద అది రోజూ మధ్యాహ్నం నిద్ర లేస్తుంది. పెద్దది తూర్పున దిండ్లతో కోట కట్టింది. చిన్నోడు పడమటి నుంచి చీపురు గుర్రమెక్కి, కర్నూలు నవాబు మీదికి పోయిన సోమనాద్రిలాగా దండెత్తాడు. మొదట మాటలు విసురుకున్నారు. "నా గాలి నువ్వు పీలుస్తున్నవ్!" "నీ పేరు రాసి ఉందా?" పిదప దిండ్లు విసురుకున్నారు. పిదప ఒక ప్లాస్టిక్ బ్యాటు గాలిలో మెరిసింది. అది ఎవరికి తగిలిందో, తగలకముందే ఎవరు ఏడ్చారో చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు.

చిన్నోడి ఏడుపు గురించి ఒక మాట చెప్పి ముందుకు పోవాలి. వనపర్తి జిల్లాలో సరళాసాగర్ అనే ప్రాజెక్టు ఉంది. వనపర్తి రాజా రామేశ్వరరావు తల్లి సరళాదేవి పేరు మీద కట్టిన ఆ ఆనకట్టకు సైఫన్లు ఉన్నాయి. నీరు ఒక మట్టానికి చేరగానే ఎవరూ గేటు ఎత్తకుండానే, ఎవరూ చేయి వేయకుండానే సైఫన్లు తమంత తామే తెరుచుకొని ఒక్కసారిగా దూకుతాయి. మట్టం తగ్గితే తమంత తామే మూసుకుంటాయి. దూరదూరాల నుంచి ఇంజనీర్లు వచ్చి చూసిపోతారు. ఇంతకంటే నేను చెప్పవలసింది లేదు. పెదవి వణికింది, మట్టం చేరింది, దూకింది.

సంధికి నన్ను పిలిచారు. కృష్ణా జలాల పంపకం మీద బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పు చెప్పింది. చాలక 2004లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ వచ్చింది. నీళ్లకే ఇంత కాలం పడితే గాలి పంచడానికి ఎంత కాలం కావాలి? అయినా గృహస్థుణ్ణి, తప్పదు. పది లెక్కపెట్టే దాకా కూలర్ ముఖం అటు, మళ్లీ పది లెక్కపెట్టే దాకా ఇటు అని తీర్పు చెప్పాను. ధర్మబద్ధంగానే ఉంది. అక్క వంతు లెక్కపెట్టే పని తమ్ముడిదీ, తమ్ముడి వంతు లెక్క అక్కదీ అన్నాను, అక్కడ తేడా కొట్టింది. చిన్నోడు "ఒకటి, రెండు, అయిదు, పది!" అని అక్క వంతు రెండు క్షణాల్లో ముగించాడు. పెద్దది "ఒకటీఈఈ" దగ్గరే నిలబడి ఆవలించింది. రెండు పక్షాలూ తీర్పును తిరస్కరించాయి.

అప్పుడు అవధాని వంటగది నుంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఒక్క మాట లేదు. ఇద్దరి నడుమ పడుకొని, ఒక చేయి పెద్దదాని మీద, ఒక చేయి చిన్నోడి మీద వేసింది. రెండు నదుల నడుమ నేలకు నడిగడ్డ అని పేరు పెట్టిన మా పూర్వులు ఈ దృశ్యం చూసే పెట్టి ఉంటారు. పావుగంటలో రెండు నదులూ నిద్రపోయాయి. ఈ రాజ్యంలో నాకు దక్కింది చాప చివర, గోడ పక్క. గాలి అక్కడిదాకా రాదు. కాలువ చివరి ఆయకట్టు రైతు బాధ ఏమిటో ఏ కమిటీ చెప్పకుండానే అర్థమైంది.

చెప్పుకుంటే సిగ్గు గాని, విరహవర్ణన కూడా ఉంది. నాయకుడికి ఫోన్‌తో వియోగం. దాన్ని బీరువా మీద పెట్టాము. వాడు అన్నం ముట్టడు, ఆట ఆడడు, బీరువా వైపు నిట్టూర్పులు విడుస్తాడు. కావ్యనాయికలకు చెలులు చందనం పూసి, తామరాకులు పరుస్తారు. వీడికి వాళ్లమ్మ మెడ నిండా చెమటకాయల పౌడర్ పూసింది. శైత్యోపచారం ఫలించలేదు, పిండి అద్దిన అప్పడంలాగా అంతటా తిరిగాడు. పెండ్లి కూడా జరిగింది. ఎలుగుబంటి బొమ్మకూ, ఒక కన్ను పోయిన జిరాఫీకీ. కట్నం కింద ఇస్తామన్న క్రేయాన్ల దగ్గర చెడింది. పర్వతం ఉతికిన బట్టల కుప్ప. ఎవరూ అధిరోహించలేదు, అందరూ లోపల తమ చొక్కా కోసం తవ్వుతారు.

దండయాత్ర నాగర్‌కర్నూల్ మీదికి. అమ్మమ్మ రాజ్యం. సేన నలుగురు, సామాను పదకొండు. నీళ్ల సీసాలు, నిమ్మకాయ, పాలిథీన్ సంచి (అది ఎందుకో పిల్లల తల్లిదండ్రులకు చెప్పనక్కర లేదు), టోపీలు, పోయిన టోపీకి బదులు టోపీ. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. నా భార్యకూ పెద్దదానికీ సున్నా టికెట్లు వచ్చాయి. అయిదేండ్ల లోపు పిల్లలకు ఎట్లాగూ లేదు. కండక్టర్ చిన్నోడి వైపు చూసి "వీనికెన్నేండ్లు?" అన్నాడు. "నాలుగు" అన్నది వాళ్లమ్మ. "కాదు, నాకు పది!" అని నాయకుడు రొమ్ము విరిచాడు. బస్సు బస్సంతా నవ్వింది. సేన అంతా ఊరికే ఎక్కి, రాజొక్కడే కప్పం కట్టిన దండయాత్ర ఇదొక్కటే అనుకుంటాను.

ఎర్రవల్లి చౌరస్తా దాటి, బీచుపల్లి వంతెన మీదికి వచ్చాము. ఆంజనేయస్వామికి దండం పెట్టించి, కృష్ణమ్మలో వేయమని పిల్లల చేతికి చెరొక రూపాయి ఇచ్చాము. మే నెల కృష్ణ. నీరు ఒక పాయ, మిగిలినదంతా బండలు. పెద్దది రూపాయి విసిరి "నాయినా, రాయి మీద పడ్డది, దేవునికి చేరుతదా?" అన్నది. చిన్నోడు ఈ అనుమానానికి తావివ్వకుండా తన రూపాయిని జేబులో వేసుకున్నాడు. పెబ్బేరు దగ్గర కిటికీ సీటు కోసం చిన్న తగాదా. వనపర్తి బస్టాండులో ఉడకబెట్టిన పల్లీలు. గోపాల్‌పేట రాకముందే పాలిథీన్ సంచి అవసరం పడింది. నాగర్‌కర్నూల్ చేరేసరికి సేన మొత్తం నిద్రలో ఉంది. ఇద్దరినీ రెండు భుజాల మీద, సామానును వేళ్లకు వేలాడేసుకొని దిగిన విజేతను చూసి అమ్మమ్మ ఎదురొచ్చింది. నన్ను కాదు, వాళ్లను చూసి. "ఏం బిడ్డా, గింత నల్లగైండ్రు! ఎండల తిరగనిచ్చిందా మీ అమ్మ?"

అక్కడ జరిగినది మధుపానం. కొల్లాపూర్ మామిడిని గురించి అక్కడి వాళ్ల ముందు వేరే ఊరి పేరు ఎత్తకూడదు, అన్నం పెట్టరు. గడ్డిలో మాగేసిన బేనీషాన్లను తాత ఒక్కొక్కటి ముక్కు దగ్గర పెట్టుకొని, నాడి చూసే వైద్యుడిలాగా కళ్లు మూసుకొని, "ఇది రేపటికి, ఇది ఇయ్యాలకు" అని వేరు చేశాడు. పిల్లలకు చొక్కాలు విప్పి అరుగు మీద కూర్చోబెట్టారు. కత్తి, పళ్లెం, ముక్కలు అనే నాగరికత అయిదు నిమిషాలు నిలిచింది. ఆ తర్వాత మోచేతుల దాకా రసం. యుద్ధం టెంక దగ్గర వచ్చింది. పండుకు టెంక ఒక్కటే, చీకేవాళ్లు ఇద్దరు. అమ్మమ్మ రెండో పండు కోసి అప్పటికప్పుడు వివాదం తీర్చింది. మా ఇంట్లో రెండు గంటలు పట్టే పంచాయితీ అక్కడ అర నిమిషంలో తెగింది. వనరులు పుష్కలంగా ఉన్న రాజ్యంలో ట్రిబ్యునళ్లు అక్కర లేదు.

రాయబారమూ అక్కడే. ఐస్ బండి గంట వినబడగానే పెద్దది తాను అడిగితే బాగుండదని తమ్ముడిని తాత దగ్గరికి దూతగా పంపింది. "ఇద్దరికీ అని చెప్పు" అని మరీ మరీ చెప్పి పంపింది. చూసి రమ్మంటే కాల్చి వచ్చాడని హనుమంతుణ్ణి అంటారు. మా దూత అడిగి రమ్మంటే తిని వచ్చాడు. నాలుక నారింజ రంగులో ఉంది. "తాత దగ్గర పైసల్లేవంట" అన్నాడు.

తాటిముంజలు తిన్నాక ఆ బుర్రలకు పుల్ల గుచ్చి తాత రెండు బండ్లు చేసిచ్చాడు. కొనుక్కొచ్చిన రిమోట్ కారు వారం నుంచి మంచం కింద ఉంది, దాని మాట ఎవరూ ఎత్తలేదు. ఈ రథాలు మాత్రం ఊరి వీధులన్నీ తిరిగాయి. సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోతే మిద్దె మీద పరుపులు వేశారు. చంద్రోదయం అయిందట. ప్రబంధకర్త అప్పటికే గుర్రు పెట్టాడు గనుక ఆ వర్ణన దొరకలేదు.

రోహిణి కార్తె చివరి ఎండల్లో, జూన్ మొదటి వారం తిరిగి గద్వాల చేరాము. మృగశిర వచ్చింది. ఆ నాడు చేప తినాలని మా వైపు పట్టింపు, జూరాల ప్రాజెక్టు చేపకు ఆ రోజు ఉండే గిరాకీ మరే రోజూ ఉండదు. ముళ్లు ఏరి పెట్టే పని నాది, తినే పని వాళ్లది. మొదటి చినుకులు పడి, గోడలు వేడి కక్కడం మానగానే కృతిభర్తను కడిగి, గడ్డి దులిపి, మెట్ల కింద పెట్టేశాము. కాని ఈ కావ్యం చదివినవాళ్లు తొందరపడి ఆ పని చేయకండి, జూన్‌లో ఎండ మళ్లీ తిరగబడుతుంది. మేము రెండు రోజుల్లోనే బయటికి లాగాము.

జూన్ 12న బడులు తెరుస్తారు. మీ ఇంట్లోనూ ఇట్లాంటి నాయికానాయకులు ఉంటే ఏప్రిల్‌లో విసిరేసిన ఆ బూట్లు వెదికి, ఒకసారి తొడిగించి చూడండి. పట్టవు. జూన్ పదో తారీఖు దాకా ఆగితే దుకాణాల్లో జనం ఉంటారు, కావలసిన సైజు ఉండదు. ముందే కొనండి, ఒక సైజు పెద్దదే తీసుకోండి.